బ్లాగు రాతల్ని పుస్తకం చేయాలా వద్దా: ఎలా తేల్చుకోవాలి, తేల్చుకున్నాక ఏం చేయాలి

"ఇంత బాగా రాస్తారు, పుస్తకం వేయొచ్చు కదండీ!"

బ్లాగు రాసే ప్రతివాళ్ళకీ ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. మొదటిసారి సిగ్గుపడి ఒక నవ్వుబొమ్మ పెట్టి ఊరుకుంటాం. ఐదోసారికి నిజమేనేమో అనిపిస్తుంది. పదోసారికి అట్ట మీద ఏ రంగు బాగుంటుందా అని ఆలోచిస్తూ దొరికిపోతాం. నేనూ అలాగే దొరికిపోయాను, చేయకూడని తప్పులన్నీ వరసగా చేశాను, అందుకే ఏది ముందు చేయాలో ఏది తర్వాతో చెప్పగలనని ఈ ధైర్యం.

ఆ మాట అన్నవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. కానీ వాళ్ళు మెచ్చుకుంటున్నది నిన్నటి పోస్టుని, ఇంకా పుట్టని పుస్తకాన్ని కాదు. వాళ్ళకి మీరు ఏళ్ళుగా తెలుసు. మీ పిల్లి పేరు తెలుసు, ఆఫీసులో మీకు ఎవరంటే పడదో తెలుసు, మీరు "ఆ మహానుభావుడు" అనగానే ఎవరని అడక్కుండానే నవ్వేస్తారు. పుస్తకం కొన్న మనిషికి ఇవేవీ తెలియవు. ఆ తెలియని మనిషి కోసం మళ్ళీ కూర్చుని రాసే ఓపిక మీకుందా అన్నదే ఇక్కడ ప్రశ్న. టాలెంట్ ఉందా లేదా అన్న టెన్షన్ పక్కన పెట్టేయండి, అది ఉన్నవాళ్ళ గురించే మాట్లాడుతున్నాం.

ముందు, ఎందుకో ఒక్క వాక్యంలో రాయండి

కాగితం తీసుకుని "నాకు పుస్తకం ఎందుకంటే" అని మొదలుపెట్టి వాక్యం పూర్తి చేయండి. ఎవరికీ చూపించక్కర్లేదు కాబట్టి గొప్పగా ఉండక్కర్లేదు. మా నాన్న నెట్ చూడడు, ఆయన చదవాలి అన్నది మంచి కారణమే. నా పేరు అట్ట మీద చూసుకోవాలని ఉంది అన్నదీ మంచి కారణమే.

కారణాన్ని బట్టి దారి మారుతుంది, అందుకే ఈ పని ముందు. రాసింది ఎక్కడ పోతుందో అన్న బెంగ తప్ప ఇంకేమీ లేకపోతే మీకు పబ్లిషర్ అక్కర్లేదు, బ్యాకప్ చాలు. దగ్గరివాళ్ళు ఓ ఇరవైమంది చదివితే చాలనుకుంటే ప్రింట్ ఆన్ డిమాండ్ పుణ్యమా అని ఇప్పుడు ఒక్క కాపీ అయినా వేయించుకోవచ్చు. రాసేవాళ్ళ మధ్య నన్నూ రచయితగా లెక్కలోకి తీసుకోవాలి అనుకుంటే మాత్రం ఎడిటర్లు, పత్రికలు, పబ్లిషర్లు ఉన్న పొడుగు దారి పట్టాలి. ఇక డబ్బు కోసమే అయితే, వచ్చిన రాయల్టీని మీరు పెట్టిన గంటలతో భాగించి చూడకండి, అంతకన్నా నేనేం చెప్పను.

వద్దు అనుకోవడం కూడా జవాబే. పొద్దున జరిగినదాని మీద సాయంత్రం రాసి, రాత్రి పదకొండింటికి కామెంట్లలో వాదులాడుకునే రాత ఉంటుంది చూడండి, దాని మజా అంతా ఆ వేడిలోనే. రెండేళ్ళ తర్వాత అచ్చులో చూస్తే చల్లారిపోయి ఉంటుంది. అలాంటివే ఎక్కువ రాసేవాళ్ళు బ్లాగులోనే ఉండిపోతే నేను వాళ్ళని తెలివైనవాళ్ళంటాను, పిరికివాళ్ళని అనను.

పుస్తకం వేసినా వేయకపోయినా ఇది మాత్రం ఇవాళే చేయండి

అన్నీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. వర్డ్‌ప్రెస్‌లో టూల్స్ కిందా, బ్లాగర్‌లో సెట్టింగ్స్ కిందా వెతికితే మొత్తం బ్లాగుని ఒక ఫైలుగా దించుకునే సదుపాయం ఉంటుంది. జియోసిటీస్‌ని చాలా దేశాల్లో 2009లో మూసేశారు, పోస్టరస్ 2013లో మూతపడింది, గూగుల్ ప్లస్ 2019లో పోయింది. వాటిలో రాసుకున్నవాళ్ళంతా కూడా ఇది ఎప్పటికీ ఉంటుందనే అనుకున్నారు. ఫైలు రెండు చోట్ల పెట్టండి, ఒకటి మీ కంప్యూటర్ కానిది. ఫేస్‌బుక్‌లో రాసేవాళ్ళకి ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి, అక్కడ రెండేళ్ళ కిందటి పోస్టు మళ్ళీ వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో వాళ్ళకే తెలుసు.

తర్వాత, ప్రింట్ తీసి చదవండి

తెర మీద కాదు, కాగితం మీద. లింకులు, బొమ్మలు, కామెంట్లు అన్నీ తీసేసి ఉత్త రాత మాత్రమే వరసగా ప్రింట్ తీయండి. చేతిలో పెన్ను పట్టుకుని, మీరు రాయలేదన్నట్టు చదవండి. మొదటి పది పోస్టులకే చెమటలు పడతాయి. నాకు పట్టాయి. ఒకే ఉపమానం ఆరు చోట్ల వాడాను, ఆరూ వేరే వేరే నెలల్లో రాసినవి కాబట్టి అప్పట్లో ఎవరికీ తెలియలేదు, నాక్కూడా. పుస్తకంలో అవి పాతిక పేజీల దూరంలో ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి.

చదువుతూ మూడు కట్టలు కట్టండి. ఉన్నది ఉన్నట్టు నిలబడేవి, తిరగరాస్తే నిలబడేవి, వదిలేయాల్సినవి. లైకులు ఎన్నొచ్చాయో చూడకుండా కట్టాలి. ఎక్కువ లైకులు వచ్చిన పోస్టు చాలాసార్లు ఆ వారం అందరూ మాట్లాడుకుంటున్న విషయం మీద రాసినదై ఉంటుంది. ఎవరూ పట్టించుకోని ఒక మంగళవారం పోస్టే కాగితం మీద నిలబడుతుంది. మూడో కట్టే అన్నిటికంటే లావుగా తేలితే కంగారు పడకండి, అందరికీ అంతే.

మొదటి కట్ట మరీ పల్చగా ఉండి, రెండో కట్ట చూస్తే నీరసం వస్తోందా? అయితే ఇక్కడితో ఆగండి. ఇంకో ఏడాది రాసి మళ్ళీ చూడొచ్చు. వేసేశాక వెనక్కి తీసుకోలేం.

కట్టల్ని కలిపే దారం ఏది?

సంకలనం వేరు, పుస్తకం వేరు. ముప్ఫై మంచి పోస్టులు వరసగా పెడితే సంకలనం అవుతుంది, మీరు అప్పటికే పేరున్న రచయితైతే అదీ చదువుతారు. కొత్తవాళ్ళకి మాత్రం ఒక దారం కావాలి. ఒక మనిషి, ఒక ఇల్లు, ఒక ఉద్యోగం, ఒక జబ్బు, ఒక సంవత్సరం, ఏదో ఒకటి.

అమెరికాలో బ్లాగు రాసిన జూలీ పవెల్ సంగతి తీసుకోండి. 2002లో బ్లాగు మొదలుపెట్టేటప్పుడే ఆమె ఒక పందెం కాసుకుంది: పేరున్న వంటల రచయిత్రి జూలియా చైల్డ్ పుస్తకంలోని 524 వంటలూ 365 రోజుల్లో చేయడం. 2005లో అది పుస్తకమైంది, 2009లో సినిమా వచ్చింది. ఆమె బాగా రాసేది నిజమే, కానీ బాగా రాసేవాళ్ళు అప్పుడూ చాలామందే ఉన్నారు. ఆమె బ్లాగుకి మొదటిరోజు నుంచీ ఒక గడువూ, ఒక లెక్కా, చేయగలదా లేదా అన్న ఉత్కంఠా ఉన్నాయి. పుస్తకానికి కావలసిన వెన్నెముక అందులోనే ఉంది.

మీ బ్లాగులో ముందే అలాంటిది లేకపోతే వెతకాలి. నేను చేసిందేంటంటే, మొదటి రెండు కట్టల్లోని పోస్టుల పేర్లు చిన్న చిన్న చీటీల మీద రాసి నేల మీద పరిచాను. రెండు రోజులు అటూ ఇటూ జరుపుతుంటే, నేను "జ్ఞాపకాలు" అని లేబుల్ పెట్టుకున్నవాటిలో సగం మా తాతయ్య గురించేనని అప్పుడు తెలిసింది. రాసేటప్పుడు తెలియలేదు.

తిరగరాయడం, అసలు పనంతా ఇదే

నా పోస్టే ఒకటి చూపిస్తాను. బ్లాగులో ఇలా మొదలైంది:

"చాలా రోజులైంది ఇటొచ్చి, అందరూ బాగున్నారా! నిన్న ఒక వీడియో చూస్తుంటే మా తాతయ్య గడియారం గుర్తొచ్చింది. తాతయ్య గురించి ఇంతకు ముందే చెప్పాను కదా, కొత్తగా వచ్చినవాళ్ళు ఇక్కడ నొక్కి చదివి రండి. సరే, విషయానికొస్తే..."

నాలుగు వాక్యాలు అయ్యాయి, విషయం ఇంకా రానే లేదు. బ్లాగులో ఇది తప్పు కాదు, గడప దగ్గర నిలబడి కుశలం అడగడం లాంటిది. పుస్తకంలో ఏది నిన్న? ఎక్కడ నొక్కాలి? తిరగరాశాక ఇలా అయింది:

"మా తాతయ్య గోడ గడియారం రోజుకి పది నిమిషాలు వెనకబడేది. రోజూ పొద్దున రేడియోలో వార్తలు మొదలవగానే స్టూలెక్కి ముల్లు సరిచేసేవాడు. ఆయన పోయిన మూడో రోజు చూస్తే అరగంట వెనక ఉంది."

ఇందులో కొత్తగా కల్పించిందేమీ లేదు. మూడో రోజు అరగంట అన్న సంగతి పాత పోస్టులో చివరెక్కడో, కామెంట్లకి పైన, బ్రాకెట్లో పడి ఉంది. తిరగరాయడమంటే చాలావరకు ఇదే, బ్రాకెట్లో పడి ఉన్నదాన్ని తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టడం.

ప్రతి పోస్టులోనూ ఈ నాలుగూ వెతకండి: "నిన్న", "ఈ మధ్య" లాంటి తేదీ లేని కాలాలు, లింకు మీద ఆధారపడిన వాక్యాలు, అప్పటి వైరల్ గొడవల మీద వేసిన జోకులు, కామెంట్లలో ఎవరో అన్నదానికి జవాబుగా రాసిన ముక్కలు. మూడేసి చుక్కలూ, మూడేసి ఆశ్చర్యార్థకాలూ కూడా తీసేయండి, అవి తీసేస్తే వాక్యం పడిపోతోందంటే రోగం ఆ వాక్యంలోనే ఉంది. అలాగని మీ గొంతు పోగొట్టుకోకండి. పుస్తకం అనగానే చాలామంది ఉన్నట్టుండి "తదనంతరం", "యొక్క" అంటూ పంచె కట్టుకుని కూర్చుంటారు. మిమ్మల్ని పుస్తకం వేయమన్నది ఆ పంచె కట్టిన గొంతు విని కాదు.

ఇందులో ఏది మీది, ఏది కాదు

మీరు రాసింది రాసిన క్షణం నుంచీ మీదే. 1886 నాటి బెర్న్ ఒప్పందాన్ని ఒప్పుకున్న దేశాలన్నిటిలోనూ, అంటే ప్రపంచంలో దాదాపు అన్ని చోట్లా, రిజిస్టర్ చేయకపోయినా కాపీరైట్ ఉంటుంది. బ్లాగులో ఉచితంగా పెట్టినంత మాత్రాన ఎవరైనా వాడుకోవచ్చని కాదు.

అదే సూత్రం మీకూ వర్తిస్తుంది, అక్కడే ఇబ్బంది. మీ పోస్టు కింద ఎవరో రాసిన అద్భుతమైన కామెంట్ వాళ్ళది, పుస్తకంలో వేయాలంటే అడగాలి. నెట్‌లో దొరికిన బొమ్మ అది తీసినవాళ్ళది. సినిమా పాట నాలుగు చరణాలు ఎత్తి రాసుకున్నారా, వాటికీ హక్కుదారులుంటారు, ఉన్నంతలో తేలిక దారి పాట తీసేయడమే. ఇక మనుషులు. బ్లాగులో మీ ఆడపడుచు గురించి రాసినది వందమంది చదివి మర్చిపోయారు, ఆమె చూడలేదు. పుస్తకాన్ని ఎవరో ఒకరు తీసుకెళ్ళి ఆమె చేతిలో పెడతారు, ఇది రాసి పెట్టుకోండి. పేరు మార్చడం చాలదు, గుర్తుపట్టే ఆనవాళ్ళు కూడా మార్చాలి, లేదా ముందే చూపించాలి.

ఇంకొకటి, ఇది నాకు తగిలిన దెబ్బ. పత్రికలకి పంపేటప్పుడు హామీపత్రం అడుగుతారు: ఈ రచన నా సొంతం, అనువాదం కాదు, ఇంతకు ముందు ఎక్కడా ప్రచురితం కాలేదు అని. బ్లాగులో పెట్టడం ప్రచురణ కిందికి రాదనుకుని నేను సంతకం పెట్టి పంపేశాను. కథ తీసుకున్నారు, బొమ్మ కూడా వేయించారట, ఆఖర్న ఎవరో మొదటి వాక్యం గూగుల్‌లో కొట్టి చూశారు. కథ ఆగిపోయింది, ఆ తర్వాత ఆ పత్రిక నుంచి నాకు జవాబు రావడం కూడా ఆగిపోయింది. చాలా పత్రికలు, పోటీలు సొంత బ్లాగునీ సోషల్ మీడియానీ ప్రచురణ కిందే లెక్కేస్తాయి. పోస్టు డిలీట్ చేసినా ప్రచురించలేదని అనడానికి ఉండదు. కాబట్టి ఇవాళ్టి నుంచి మీ మంచి కథల్లో కొన్నిటిని బ్లాగులో పెట్టకుండా దాచుకోండి. పుస్తకాల పబ్లిషర్లు ఈ విషయంలో అంత పట్టుగా ఉండరు, కానీ ఉత్తరంలో మీరే ముందు చెప్పేయాలి.

పబ్లిషరా, సొంతంగానా

పబ్లిషర్‌ని అడగాలనుకుంటే ముందు వాళ్ళు వేసిన పుస్తకాలు రెండు మూడు చదవండి. కథలు వేయనివాళ్ళకి కథలు పంపి మూడు నెలలు ఎదురుచూసేవాళ్ళు ఎంతమందో. పంపేది మొత్తం బ్లాగు లింకు కాదు. ఒక పేజీ ఉత్తరం, పుస్తకం దేని గురించో ఒక పేరా, బాగా దిద్దిన మొదటి రెండు మూడు అధ్యాయాలు. నెలకి ఇంతమంది చదువుతారన్న అంకె నిజమైతే రాయండి, పెంచి రాయకండి. "అందరూ పుస్తకం వేయమంటున్నారు" అన్న వాక్యం మాత్రం పొరపాటున కూడా వద్దు, ఆ వాక్యం లేని ఉత్తరం వాళ్ళకి రాదు.

మీ రాత నచ్చింది, ఇంత డబ్బు కడితే వేస్తాం అని ఎవరైనా అంటే, అది పబ్లిషర్ మిమ్మల్ని ఎంచుకోవడం కాదు, మీరు ఒక సర్వీసు కొనుక్కోవడం. కొనుక్కోవడంలో తప్పు లేదు. దాన్ని ఎంపిక అనుకుని మురిసిపోవడమే తప్పు. కొనుక్కునేటప్పుడు కూరగాయలు ఏరినట్టు ఏరండి: ఎడిటింగ్ ఎవరు చేస్తారు, ఎన్ని ప్రూఫులు (అచ్చుకి ముందు తప్పులు దిద్దడానికిచ్చే ప్రతులు) ఇస్తారు, కాపీలు ఎవరి దగ్గర ఉంటాయి, అమ్మకం లెక్క ఎప్పుడు చూపిస్తారు, అన్నీ కాగితం మీద.

సొంతంగా వేసుకోవడం చిన్నతనం అనుకునే రోజులు పోయాయి. అమెరికన్ రచయిత ఆండీ వియర్ 'ది మార్షియన్' అనే సైన్స్ ఫిక్షన్ నవలని అధ్యాయం తర్వాత అధ్యాయం తన వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టాడు, చదివినవాళ్ళు సైన్స్ తప్పులు దిద్దారు. పాఠకులు అడిగితే 2011లో అమెజాన్ వాళ్ళ ఈబుక్ దుకాణం కిండిల్‌లో అప్పటి కనీస ధర 99 సెంట్లకి పెట్టాడు. 2014లో పెద్ద సంస్థ అచ్చేసింది. ఇంకో రచయిత హ్యూ హోవీ అయితే తన 'వూల్' పుస్తకం అచ్చు హక్కులు మాత్రమే పబ్లిషర్‌కిచ్చి, ఈబుక్ హక్కులు తన దగ్గరే పెట్టుకున్నాడు. ఇలాంటివి అరుదు, అందుకే అందరూ చెప్పుకుంటారు. వీళ్ళ నుంచి తీసుకోవాల్సింది అదృష్టం కాదు, హక్కులు ముక్కలు ముక్కలుగా ఉంటాయన్న సంగతి.

అందుకని ఒప్పందం చేతికొస్తే ఏ హక్కులు అడుగుతున్నారో వేలు పెట్టి చదవండి. అచ్చు, ఈబుక్, ఆడియో, అనువాదం, సినిమా, దేనికదే వేరు. "అన్ని రూపాల్లో, శాశ్వతంగా" అని ఉంటే ఎందుకో అడగండి. పుస్తకం మళ్ళీ వేయకపోతే ఎన్నాళ్ళకి హక్కులు మీకు తిరిగొస్తాయో రాసి ఉండాలి. బ్లాగులో పాత పోస్టులు ఉంచొచ్చా తీసేయాలా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి.

కిండిల్‌లో సొంతంగా పెట్టేవాళ్ళు ఒకటి గమనించండి. కేడీపీ సెలెక్ట్ అనే అమెజాన్ పథకంలో చేరితే 90 రోజుల పాటు ఆ పుస్తకం డిజిటల్ రూపంలో ఇంకెక్కడా ఉండకూడదు, మీ బ్లాగులో కూడా. నమూనాగా 10 శాతం దాకా ఉంచుకోవచ్చు. చూసుకోకుండా టిక్కు పెట్టేసి, పోస్టులన్నీ బ్లాగులో అలాగే ఉంచేస్తే మీరే నియమం తప్పినట్టు. ఆ టిక్కు తప్పనిసరి కాదు, అది లేకుండా కూడా కిండిల్‌లో పుస్తకం పెట్టొచ్చు.

ప్రెస్సుకి వెళ్ళే ముందు

అచ్చు పుస్తకాలని ఫారాల్లో లెక్కేస్తారు, మామూలుగా ఫారానికి 16 పేజీలు. మీది 130 పేజీలు వచ్చిందంటే 8 ఫారాలు దాటి రెండు పేజీలు మిగిలాయి, ఆ రెండు పేజీల కోసం ఇంకో ఫారం ఎక్కించడం కన్నా ఒక పోస్టు తగ్గించుకోవడం నయం. నేను అలా తగ్గించిన పోస్టే పుస్తకంలో అన్నిటికన్నా బలహీనమైనదని తర్వాత అర్థమైంది, ఎంత హాయిగా ఉందో.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టడానికి ఇచ్చే నంబరు, 2007 నుంచి 13 అంకెలది. అచ్చు ప్రతికి ఒకటి, ఈబుక్‌కి ఐఎస్‌బీఎన్ తీసుకుంటే దానికి వేరేది, ఒకే నంబరు రెండింటికీ పెట్టకూడదు.

ప్రూఫులు మీరొక్కరే చదవకండి, మీ కంటికి మీ తప్పులు కనపడవు. బ్లాగులో యూనికోడ్‌లో (నెట్‌లో మామూలుగా వాడే అక్షరాల్లో) రాసినది డీటీపీ ఫాంటులోకి, అంటే ప్రెస్సువాళ్ళు పేజీలు కూర్చే అక్షరాల్లోకి, మారేటప్పుడు ఒత్తులు ఎగిరిపోవడం, "క్ష" కాస్తా వేరే ఏదో కావడం మామూలే. బ్లాగులో పదాలన్నీ సరిగ్గా ఉన్నాయి కదా అనే ధీమాతో ఫార్వర్డ్ కొట్టేయకండి. మొదటి ప్రూఫు వేరేవాళ్ళకివ్వండి, రెండోది మీరు పైకి చదవండి, మూడోదాంట్లో మీ పేరు, అట్ట, వెనక అట్ట, విషయసూచికలో పేజీ నంబర్లు మాత్రం చూడండి. నా పుస్తకంలో లోపల తప్పులు లేవు. విషయసూచికలో ఒక అధ్యాయం 87వ పేజీ అని ఉంటుంది, తీసి చూస్తే 78లో ఉంటుంది. ఇప్పటికీ ఎవరికైనా కాపీ ఇచ్చేటప్పుడు పెన్నుతో దిద్ది ఇస్తాను.